స్వాతి పక్కన చుక్క

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు: కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోవలసి ఉండీ పెట్టుకోనివాళ్ళు. చదువు పూర్తిచేసి బాపట్లలో ఒక కంటి ఆసుపత్రిలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. వచ్చినవాళ్ళను అక్షరాల బోర్డుకు ఎదురుగా కూర్చోబెట్టడం, ఒక కన్ను మూయించి చదివించడం, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందాండి, ఇందాకటిది బాగుందాండి" అని అడగడం, చివరికి నంబరు తేల్చడం నా పని. పని చిన్నదే. కానీ తెల్లకోటు వేసుకుని ఆ మసక వెలుతురు గదిలో నిలబడితే, జిల్లా మొత్తం చూపు నా చేతిలోనే ఉన్నట్టు అనిపించేది. ఆ ఊపు ఆసుపత్రి దాటి బయటికి కూడా వచ్చింది. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే పాసింజరులో జామకాయలు అమ్మే పిన్నిగారు నాణేన్ని కాస్త దగ్గరగా పెట్టుకు చూస్తే చాలు, "పిన్నిగారూ, ఒకసారి మా ఆసుపత్రికి రండి" అనేదాన్ని. ఆవిడ కొన్నాళ్ళకి నేనున్న పెట్టె ఎక్కడం మానేసింది. (బేరం పోయినా ఫరవాలేదు గాని నా ఉపన్యాసం వద్దనుకుని ఉంటుంది.)

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. మా చుట్టాల్లో నాకు అప్పటికే పొగరుబోతుగా పేరు వచ్చింది. బజారులో ఎదురుపడితే పలకరించననీ, అవతలి వైపు నుంచి చెయ్యి ఊపితే చూసీ చూడనట్టు పోతాననీ మా అమ్మకు ఫిర్యాదులు వచ్చేవి. "ఉద్యోగం వచ్చాక మనిషి మారిపోయింది" అనుకునేవారు. అంతేకాదు, ఒకరోజు తెనాలి స్టేషన్లో బాపట్ల బండి అనుకుని రేపల్లె బండి ఎక్కేశాను. బోర్డు మీద పేరు అంత చిన్న అక్షరాల్లో రాస్తే ఎవరికి కనపడుతుందని రైల్వే వాళ్ళను తిట్టుకున్నాను తప్ప, వేరే ఆలోచన రాలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు నా కళ్ళు కూడా పరీక్షించారు. ఆ బోర్డు నాకు కంఠతా వచ్చు. గడగడా చదివేశాను. చూసి చదువుతున్నాననే అనుకున్నాను కూడా.

ఇక మామూ. మా అమ్మకు అన్నయ్య. మా ఇళ్ళల్లో మేనమామను మామూ అంటాం. తెనాలిలో చిన్న దర్జీ దుకాణం ఉండేది ఆయనకు. మా వీధిలో హిందువులు, క్రైస్తవులు, మావాళ్ళు అందరూ ఆయన్ను 'నెలవంకగారు' అనేవారు. రంజాన్ నెల చివర సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడు పండుగ, కనిపించకపోతే ఇంకో ఉపవాసం. ఆ సన్నటి గీతను వీధిలో అందరికంటే ముందు పట్టుకునేది మామూనే. ఇప్పుడు ఆ కబురు ఫోన్లలోనే వచ్చేస్తుంది. అయినా మా వీధివాళ్ళు ఫోన్ జేబులో పెట్టుకుని మరీ మామూ డాబా ఎక్కి నిలబడేవారు. ఆయన చెయ్యెత్తి "అదిగో" అన్నాకే పిల్లలు కేకలు వేసేవారు, ఆడవాళ్ళు సేమ్యా డబ్బాలు దించేవారు.

ఆ ఏడు కూడా అందరం డాబా ఎక్కాం. ఎండలు ఇంకా తగ్గలేదు. పడమట ఆకాశం రాగి చెంబులా ఉంది. మామూ చెయ్యెత్తి "అదిగో" అన్నాడు. పిల్లలు అప్పటికే కేకలు వేస్తున్నారు. కానీ వాళ్ళ చేతులన్నీ బడి కట్టడం వైపు ఉంటే, మామూ చెయ్యి రైసుమిల్లు గొట్టం వైపు ఉంది. తర్వాత పక్కింటి పెద్దాయన మామూ పక్కకు వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, రైసుమిల్లు వైపే చూస్తూ "అవునండి, భలే సన్నగా ఉందండి" అన్నాడు. మిగతావాళ్ళు కూడా "అవునండి, అవునండి" అన్నారు. అందరూ కౌగిలించుకున్నారు. పండుగ అయింది. ఎవరూ పైకి అనలేదు కాని, ఆ 'అవునండి' నాకు గుండెల్లో గుచ్చుకుంది.

ఆ తర్వాత గమనిస్తే అన్నీ కనపడటం మొదలైంది. నల్ల ప్యాంటుకు నీలం దారం, తెల్ల చొక్కాకు పసుపు దారం. ఎవరైనా అడిగితే "ఇప్పుడిదే ఫ్యాషనండి" అనేవాడు. సూదిలోకి దారం ఎక్కకపోతే "ఈమధ్య సూదులకు కన్నాలు చిన్నవి చేస్తున్నారే అమ్మాయ్, అంతా మోసం" అనేవాడు. టార్చి వేసి చూశాను. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయి.

"మామూ, చిన్న ఆపరేషనే. మా డాక్టరమ్మ చేతి మీద రోజూ జరిగేదే. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తావు."

"నా కళ్ళకేమైందే? నెలవంకని చూసినోణ్ణి, నాకు ఆపరేషనేంటి?"

ఇంక మాట్లాడనిచ్చేవాడు కాదు. చిన్న ఆపరేషన్ అన్న మాట ఎత్తితే చాలు, లేచి దుకాణం షట్టరు దించేసేవాడు.

ఆ రోజుల్లోనే రేపల్లె మాస్టారు మా ఆసుపత్రికి వచ్చారు. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు, మిగతా రోజులు సొంత దుర్భిణితో వీధి పిల్లలకు చుక్కలు చూపించేవారు. దూరపు చూపు తగ్గిందని వస్తే ఆయన నంబరు నేనే తేల్చాను. అద్దాలు వచ్చాక మళ్ళీ వచ్చి, ఎంతో సంబరంగా, "అమ్మాయ్, స్వాతి పక్కనుండే చుక్క మళ్ళీ దొరికిందమ్మా" అన్నారు. స్వాతి నక్షత్రం అందరికీ తెలుసు, దూరం నుంచే మెరుస్తుంది. దానికి కాస్త ఎడంగా ఇంకొకటి ఉందట. దానికి పేరు కూడా లేదు, పుస్తకాల్లో అంకె మాత్రం ఉంది. నారింజరంగు మహా తార. మన సూర్యుడు దాని పక్కన నిలబడితే చింతగింజంత. అయినా అంత దూరాన ఉండబట్టి, మంచి చూపున్నవాళ్ళకు, దీపాలు లేనిచోట, ఉందా లేదా అన్నంత మసగ్గా కనపడుతుందట. "పూర్వం చుక్కలు చూపించి కళ్ళు పరీక్షించేవారమ్మా, మీ బోర్డులు లేని కాలంలో" అన్నారాయన.

నా బుర్రలో దీపం వెలిగింది. (ఆ వయసులో అది తరచు వెలిగేది, వెలుగే తక్కువ.) ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్ళి మామూతో పందెం వేశాను. ఆ చుక్క కనపడితే ఆపరేషన్ మాట జన్మలో ఎత్తను. కనపడకపోతే నా మాట వినాలి. మామూ కత్తెర పక్కన పెట్టాడు. చూపు విషయంలో సవాలు విసిరితే వెనక్కి తగ్గడం నెలవంకగారి వల్ల అయ్యే పని కాదు. "ఎప్పుడెళ్దాం?" అన్నాడు.

మాస్టారు అమావాస్య దగ్గరి రోజు చూసి రమ్మన్నారు. ఇద్దరం మధ్యాహ్నం రేపల్లె పాసింజరు ఎక్కాం. మామూ పెళ్ళికి వెళ్తున్నట్టు ఇస్త్రీ లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని, కళ్ళకు సుర్మా పెట్టుకుని వచ్చాడు. "సుర్మా పెడితే చుక్కలేంటి, చుక్కల అవతల ఉన్నవి కూడా కనపడతాయి" అన్నాడు. కంటికి అది మంచిది కాదని దారిపొడుగునా చెప్పాను. దారిపొడుగునా ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. నిజంగా చూస్తున్నాడో, అటు తిరిగి కూర్చున్నాడో తెలియదు.

మాస్టారు మమ్మల్ని ఆటోలో ఊరు దాటించి కృష్ణ కరకట్ట మీదికి తీసుకెళ్ళారు. పొద్దు గుంకింది. మామూ కట్ట మీద తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకుంటే, మాస్టారు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డారు. తర్వాత ముగ్గురం ఏటివైపు చూస్తూ కూర్చున్నాం. వెలుతురు పూర్తిగా పోయేదాకా మాస్టారు చుక్కల సంగతులు చెబుతూనే ఉన్నారు. "ఈ నారింజరంగువి వయసు మళ్ళినవండి సాయిబుగారూ. లోపలి ఇంధనం తరిగేకొద్దీ పైన ఉబ్బి, చల్లబడి, రంగు మారతాయి."

"అంటే నా ఈడువన్నమాట" అన్నాడు మామూ.

"ఇద్దరి ఈడువీ అనుకోండి" అన్నారు మాస్టారు.

చీకటి చిక్కబడింది. మాస్టారు లేజరు లైటుతో పైకి పచ్చటి గీత గీసి, "అదిగోండి స్వాతి. దాని నుంచి కాస్త కిందకి, ఎడంపక్కకి రండి. సూటిగా చూడకండి, కొంచెం పక్కకు చూస్తే కంటి కొసకు అందుతుంది" అన్నారు. ఏట్లో ఎక్కడో పడవ మరచప్పుడు దూరమైపోయింది. నేనూ తలెత్తి చూస్తున్నాను. స్వాతి ఉండాల్సిన చోట నాకు దూదిపింజ లాంటిది ఒకటి కనపడుతోంది. మంచి నక్షత్రాలన్నీ అలాగే ఉంటాయనుకున్నాను.

"కనపడింది" అన్నాడు మామూ.

"ఎక్కడ మామూ?"

"మాస్టారు చెప్పినచోటే."

"ఎట్టా ఉంది?"

"ఎట్టా ఉండటమేంటి? బత్తాయిపండులాగా, నారింజరంగులో ధగధగా వెలుగుతా ఉంది."

మాస్టారు నావైపు తిరిగారు. గొంతు సవరించుకుని, "అమ్మాయ్, నీకు కనపడిందా?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఇంకొంచెం చూడమన్నారు. చూశాను. లేదండీ. "స్వాతి ఎలా ఉందమ్మా?" అంటే, "దూదిలాగా, చుట్టూ ముళ్ళతో ఉందండి" అన్నాను. ఆయన తన కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టారు. నేను నంబరు తేల్చిన అద్దాలే అవి. పెట్టుకుని తలెత్తాను.

ఆకాశం నా మీద పడినట్టయింది. ఇన్ని ఉన్నాయా! ఒక్కొక్కటీ సూదిమొనతో పొడిచినట్టు, విడివిడిగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. నా జన్మలో వాటిని ఎప్పుడూ అలా చూడలేదు. "అయ్యో మాస్టారూ" అన్నాను. చుట్టాలు, చేతులు ఊపడాలు, రేపల్లె బండి, నేను తిట్టిన రైల్వే వాళ్ళు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఊళ్ళో అందరి కళ్ళూ చూసిన దాన్ని, నా కళ్ళు నేను చూసుకోలేదు.

ముందు మామూకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు మొదలుపెట్టాడు. "కళ్ళ డాక్టరమ్మకి కళ్ళు కనపడవంట! ఓ మాస్టారూ, విన్నారా!" అని తొడలు చరుచుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా, సుర్మా బుగ్గల మీదికి కారేలా నవ్వాడు. కట్ట కింద కుక్కలు లేచి మొరిగాయి. మాస్టారు కూడా ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను మరి. చాలాసేపటికి ఆ నవ్వు తగ్గింది. తగ్గాక మామూ లాల్చీ కొసతో ముఖం తుడుచుకుని, మెల్లగా అన్నాడు:

"అమ్మాయ్, నాక్కూడా కనపళ్ళేదే. ఆ చిన్నదే కాదు, పెద్దదీ కనపళ్ళేదు. ఆయన ఎటు చూడమంటే అటు చూశాను, అంతే."

"మరి నారింజరంగు అన్నావు?"

"ఆయనే చెప్పాడుగా, నారింజ అని."

మాస్టారు నెమ్మదిగా అన్నారు: "అంత మసక చుక్కలో రంగు ఎవరి కంటికీ తెలియదండి సాయిబుగారూ. దుర్భిణిలో చూస్తేనే ఆ రంగు. ఉత్త కంటికి బూడిదరంగు నలుసంతే."

"అయితే మీకు అప్పుడే తెలిసిపోయిందా?"

"తెలిసిందండి."

"మరి అనలేదేం?"

"అంత ముచ్చటగా చెప్పారు కదండీ. అనబుద్ధి కాలేదు."

మామూ తల దించుకున్నాడు. కాసేపటికి, మాతో కాకుండా ఏటితో చెబుతున్నట్టుగా, మా ముమానీ సంగతి చెప్పాడు. ముమానీ అంటే ఆయన భార్య. నా చిన్నతనంలోనే పోయింది. జబ్బు చేసి పోయిందని మాత్రమే మాకు తెలుసు. "ఆవిడకీ చిన్న ఆపరేషనే అన్నారు. పొద్దున్నే ఏమీ తినొద్దన్నారు. ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టి, వచ్చాక తింటానంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నా, పొట్లం పట్టుకుని. ఎవరి తప్పూ కాదన్నారు. కాదేమో, నాకు తెలీదు. అక్కడ ఆవిడ పక్కన మనోళ్ళు ఒక్కళ్ళు కూడా లేరే అమ్మాయ్. భయపడి నా కోసం చూసుంటది. అదే నాకు..." అని ఆగిపోయాడు.

ఆసుపత్రిలో రోగులకు ధైర్యం చెప్పే మాటలు నాకు చాలా నేర్పించారు. వాటిని పక్కన పెట్టేశాను. "నేను లోపల ఉంటాను మామూ. అయ్యేదాకా నీ చెయ్యి పట్టుకుని నిలబడతాను" అన్నాను.

"నీకే కళ్ళు కనపడవు, నా చెయ్యి ఎక్కడుందో నీకెట్టా తెలుసే?" అన్నాడు. అన్నాడు గాని, చెయ్యి చాపాడు. చీకట్లో తడుముకుని పట్టుకున్నాను.

ముందు నాకు కళ్ళజోడు వచ్చింది. తర్వాత మామూ ఆపరేషన్, మొదట ఒక కంటికి. లోపలికి రానివ్వమని అడిగితే మా డాక్టరమ్మ ఒకసారి నా ముఖం చూసి, "మాట్లాడకుండా నిలబడతావా?" అంది. నిలబడ్డాను. ఆకుపచ్చ బట్ట కింద మామూ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏదో చదువుకుంటున్నాడు. మధ్యమధ్యలో ఆపి, "అమ్మాయ్, ఉన్నావా?" అనేవాడు. మాట్లాడకూడదు కనక వేళ్ళు నొక్కేదాన్ని. ఆయన మళ్ళీ చదువుకునేవాడు. నా వేళ్ళు తిమ్మిరెక్కి, ఆ సాయంత్రం బండిలో టిక్కెట్టు కూడా ఎడమ చేత్తో పట్టుకున్నాను.

మర్నాడు కట్టు విప్పారు. మామూ గోడ చూశాడు, పంకా చూశాడు, నన్ను చూసి "ఎవరమ్మా ఈ టీచరుగారు?" అన్నాడు. (కొత్త కళ్ళజోడు నాకు అలాగే ఉండేది.) తర్వాత తల దించి తన ఒంటిమీద చొక్కా చూసుకున్నాడు. తెల్ల చొక్కా, పసుపు దారం, వంకర కుట్టు. "ఇది ఎవడు కుట్టాడే?" అన్నాడు చాలా కోపంగా. కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది. ఆ నెలంతా పాత ఖాతాదారుల ఇళ్ళకు వెళ్ళి బట్టలు వెనక్కి అడిగి, విప్పి, మళ్ళీ కుట్టి ఇచ్చాడు. చుక్కల మందు వేసుకునే రోజులవి, మిషను తొక్కొద్దని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు.

డాక్టరమ్మ దుమ్ములోకి వెళ్ళొద్దందని మామూ శుక్రవారాలు ముమానీ సమాధికి పూలు పెట్టడానికి కబరస్తానుకు వెళ్ళడం కూడా కొన్నాళ్ళు ఆపేశాడు. మందులు ఆపే వేళకు వానలు పట్టాయి. ఒక గురువారం తెరిపిచ్చి ఆకాశం కడిగినట్టుంటే, మాస్టారు ఫోన్ చేసి రమ్మన్నారు. మళ్ళీ అదే కట్ట మీద ముగ్గురం కూర్చున్నాం. ఈసారి స్వాతి పడమటికి వాలి ఉంది. నేను కళ్ళజోడుతో వెతికి పట్టుకున్నాను. కొంచెం పక్కకు చూస్తే ఉంది, సూటిగా చూస్తే లేదు. మామూ చాలాసేపు తీసుకున్నాడు. మేం తొందరపెట్టలేదు.

"ఉంది" అన్నాడు చివరికి. "బూడిదరంగులో, సన్నగా." ఇంకాసేపు చూసి, "నేను చెప్పినదానికంటే బాగా చిన్నదండి మాస్టారూ" అన్నాడు.

"అవునండి" అన్నారు మాస్టారు.

మర్నాడు శుక్రవారం. నమాజయ్యాక మామూ గులాబీలు కొనుక్కుని, నన్ను కూడా రమ్మన్నాడు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు కనక నేను కబరస్తాను గేటు బయటే నిలబడ్డాను. కిందటేటి వానలకు గోడ ఒక పక్క కూలింది, గుర్తుగా ఉండే వేపచెట్టు కొట్టేశారు. ఆ వరసలో కొత్త సమాధులు వచ్చాయి. మామూ ఎప్పటిలాగే తిన్నగా వెళ్ళి, ఒకచోట వంగి, ఆగిపోయాడు. రాయి మీది పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత పూలు పట్టుకునే వెనక్కి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, అది మీ ముమానీది కాదే. ఆ సైకిల్ షాపాయనది."

సైకిల్ షాపాయన తెనాలిలో నోటి దురుసుకు పేరు మోసిన మనిషి. ప్యాంటు పొట్టి అయిందని మామూతో గొడవపడి, చచ్చేదాకా మాట్లాడలేదు.

"ఎన్నాళ్ళనుంచో ఆయనకి పూలు పెడుతున్నానే. పూలంటే పోనీ. మీ ముమానీకి చెప్పుకోవాల్సినవన్నీ ఆయనకి చెప్పుకున్నాను. కళ్ళు పోతున్నాయని, భయమేస్తోందని. మా పెళ్ళినాటి సంగతులు కూడా." చేతిలో పూలు చూసుకున్నాడు. "ఒక్కసారి కూడా అడ్డం తగల్లేదు పాపం."

ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళాడు. పూలు రెండు వాటాలు చేశాడు. ఒకటి సైకిల్ షాపాయనకు పెట్టి, పక్క వరసలో రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా చదువుకుంటూ వెళ్ళి, ఒకచోట కూర్చున్నాడు. ఆ రాయి మీద చేత్తో మట్టి తుడిచాడు. ఆయన వీపు మాత్రమే నాకు కనపడుతోంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో, ఇన్నాళ్ళ సంగతులు మొదటినుంచి మళ్ళీ చెబుతున్నాడో.

ఆ గేటు దగ్గర నిలబడ్డ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నాకు నవ్వూ జాలీ రెండూ కలుగుతాయి. చూస్తుండగానే ఆ పిల్లకు రాళ్ళు, పూలు, మామూ వీపు అన్నీ మసకబారిపోయాయి. కళ్ళజోడు తీసి చున్నీతో గట్టిగా తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ మసకే. నంబరు తప్పిందనుకుంది. సోమవారం బాపట్ల వెళ్ళగానే కళ్ళు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలని, ఎంతో బాధ్యతగా, అక్కడే నిర్ణయించేసుకుంది.